దొరసాని గుంత

గుంతలో దిగి గాజుముక్కలు ఏరుతున్నాడు దశరథం. ఎర్రవీ పచ్చవీ, మధ్యమధ్య ఒక పిన్నీసు, ఒక జడక్లిప్పు. నిన్న ఆదివారం. ఆదివారం వచ్చిందంటే కరీంనగర్‌లో తెలివి తక్కువైన వాళ్లంతా బిర్యానీ డబ్బాలు కట్టుకుని నేరుగా రాచగుట్ట ఖిల్లా పార్కుకే వస్తారని అతని గట్టి నమ్మకం. వచ్చి, వద్దని బోర్డు పెట్టిన చోటే జింకలకు చిప్సు పెడతారు. తొక్కుడు పడవ ఎక్కి, నడిచెరువులోకి పోయాక మోకాళ్లు నొప్పులని కేకలేస్తారు. గుట్ట మీది పాత ఫిరంగిని కావలించుకుని ఫోటోలు దిగుతారు. చివరికి ఈ గుంత దగ్గరికొచ్చి చేతి గాజు ఒకటి తీసి లోపల పడేస్తారు. అలా వేస్తే ఇంట్లోకి బంగారం వస్తుందట. ఆ మాట ఎవరు పుట్టించారో దశరథానికి తెలియదు. పుట్టించినవాడి బుద్ధి గడ్డి తిన్నదనుకుందాం, నమ్మి వేసేవాళ్లను ఏమనాలి? వేలంవెర్రి అని ఊరికే అన్నారా పెద్దలు.

రోజూ అయితే చీపురుతో నాలుగు దులుపులు దులిపి పైకి వచ్చేసేవాడు. ఈ రోజు మోకాళ్ల మీద వంగి, అరచేత్తో రాళ్ల సందులన్నీ తడిమి, కంటికి ఆనని నలుసులు కూడా ఏరాడు. అన్న వస్తానన్నాడు. గుంత శుభ్రంగా ఉండాలి.

యాభై దాటిన బక్క మనిషి దశరథం. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త జారి ఉంటుంది. కాంట్రాక్టరు ఇచ్చిన ఖాకీ చొక్కా అతని ఒంటి మీద కంటే గోడకున్న మేకు మీదే బాగుంటుంది. మెడలో నల్లతాడుకు ఈల. చెవులు సగం పోయాయి. సిరిసిల్లలో సాంచాల నడుమ, అంటే ఆ కరెంటు మగ్గాల చప్పుడులో, వయసంతా నిలబడితే ఎవరి చెవులైనా అంతే. అందుకని అతను రహస్యం చెప్పినా వాడకట్టంతా వింటుంది. "నీతోని ముచ్చట వెడితె మైకుల వెట్టినట్టే" అంటుంది భార్య దేవవ్వ.

నడుము లోతు కూడా లేని నలుచదరపు గుంత అది. లోపల చుట్టూ చెక్కిన నల్లరాళ్లు. పక్కన ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన బోర్డు: 'దొరసాని గుంత. శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు ఖిల్లా దొరసాని తన నగలను ఇక్కడ దాచినట్లు ప్రతీతి.' ఆ ప్రతీతికి తల్లీ తండ్రీ దశరథమే.

అది వాళ్ల ఇంటి మగ్గం గుంత. ఖిల్లా గోడల లోపల ఒకప్పుడు సాలోళ్ల వాడ ఉండేది. దశరథం బాపు ఈ గుంతలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, కాలికింది తొక్కుళ్లు తొక్కుతూ బతుకంతా చీరలు నేశాడు. వానాకాలం గుంతలో నీళ్లు ఊరుతున్నాయని, కూలిన ఖిల్లా గోడ రాళ్లు తెచ్చి లోపల పేర్చాడు. బాపు ఒక కొస, అన్న అంబదాసు ఒక కొస పట్టుకుని మోశారు. దశరథం వెనకాల నడుస్తూ "పైలం, పైలం" అని జాగ్రత్తలు అరిచాడు. కష్టంలో అతని వాటా ఎప్పుడూ అంతే. తర్వాత చేతిమగ్గం పోయింది. అన్న బొంబాయి దిక్కు భీమండి పోయాడు, దశరథం సిరిసిల్ల పోయాడు. పార్కు వస్తోందని వాడను లేపి గుట్ట కింద జాగాలిచ్చారు.

ఇళ్లు కూల్చి గుంతలు పూడుస్తున్న రోజుల్లో దశరథం సాంచాలు వదిలి తిరిగొచ్చి ఇక్కడే పొదలు కొట్టే కూలీ. చెక్కుడు రాళ్ల గుంత కనబడేసరికి ఒక అధికారి ఆగాడు. ఇదేమిటయ్యా అని అడిగాడు. సాలోళ్ల గుంత అంటే మిగతా వాటి లాగే మట్టి కొట్టిస్తారు. "దొరసాని నగలు దాసిన గుంత సారూ, మా పెద్దలు చెప్పెటోళ్లు" అన్నాడు దశరథం. అధికారి కళ్లు చాటలయ్యాయి. బాపు గుంతను కాపాడటానికే ఆ మాట అన్నానని దశరథం అప్పటి నుంచీ తనకు తానే చెప్పుకుంటున్నాడు. గుంత మిగిలింది, నిజమే. పెద్దల ముచ్చట్లు తెలిసినవాడని అతనికి ఇక్కడే కావలి పని దొరికింది, అదీ నిజమే. ఆ రెండో నిజం గుర్తుకొచ్చినప్పుడల్లా అతను జనాన్ని తిట్టుకుంటాడు. జనం ఎలాగూ తిట్టించుకునేటట్టే ఉంటారు గనక పని సులువు.

అన్న మూడు రోజుల క్రితం, పిన్ని వరసయ్యే చిన్నవ్వ పోతే ఆమె దినాలకు వచ్చాడు. భీమండి దూది దుమ్ము మింగీ మింగీ మనిషి లోపల ఏమీ మిగలలేదు. నిన్న కంచం ముందు కూర్చుని నాలుగు బుక్కలు తినడానికి నాలుగుసార్లు ఆగాడు.

"తమ్మీ, రేపు మాపటి బస్సుకు పోత" అన్నాడు. "గంతకు ముందుగాల బాపు గుంతల ఒక్కపారి కూసుంట. ఇగ మళ్ల వస్తనో రానో."

"ఎందుకు రావు? పొద్దుగాల్నే రా, జనం రాకముందే. మేడం వచ్చిందంటె నేను దిగనియ్యలేను."

"దొరసాని గుంత అయిందట గద మన గుంత" అన్నాడు అంబదాసు. నవ్వబోయి దగ్గుతో ఆగిపోయాడు. "బాపు ఉంటె నవ్వి నవ్వి సచ్చెటోడు."

దేవవ్వ నవ్వింది. దశరథం నవ్వలేదు.

పొద్దెక్కుతోంది. అన్న జాడ లేదు. గేటు తీశారు. ముందు నడక జనం వచ్చారు: కొత్త కాలనీల్లోని రిటైరైనవాళ్లు, తెల్ల బూట్లు, చేతులు ఊపుకుంటూ షుగరు ముచ్చట్లు. చెట్టూ పుట్టా చూడటానికి వచ్చామంటారు గానీ చేతిలోని ఫోను మీంచి కళ్లు తీసి సీతాఫలం చెట్టును చూసినవాణ్ని దశరథం ఇంతవరకూ చూడలేదు. తర్వాత చొప్పదండి వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. భర్త బోర్డు పైకి చదివాడు. భార్య అప్పుడే గాజు తీసింది.

"ఏడువారాల నగలు గిండ్లనే దాసిందమ్మా దొరసాని" అన్నాడు దశరథం, పాఠం అప్పజెప్పినట్టు.

"ఇప్పటిదాక ఎవరికన్న దొరికినయా?" అని భర్త అడిగాడు.

"దొరికితె నేనెందుకు గీడ ఉంట సారూ?"

మొగుడూ పెళ్లాం పడీపడీ నవ్వారు. గాజు మాత్రం వేసే పోయారు. నవ్వుతూనే నమ్మే ఈ జాతిని చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. మళ్లీ గుంతలోకి దిగి ఆ గాజు తీసి జేబులో వేసుకుని, మెట్ల దారి వైపు చూశాడు. అన్న లేడు.

పార్కు ఇన్‌చార్జి మమతారాణి స్కూటీ దిగుతూనే కేకేసింది.

"దశరథం, ఇయ్యాల మధుసూదన్‌రావు సార్ మనుమని పెండ్లి షూటింగ్ ఉన్నది. గుంత కాడనే. తాడు కట్టి ఎవ్వర్నీ రానియ్యకు. గైడు పోస్టుకు నీ పేరే అనుకుంటున్నం, సార్ ఒక్క మాట చెప్తే అయిపోతది. జర మంచిగ చూస్కో."

"పరేషాన్ గాకుండ్రి మేడం" అన్నాడు దశరథం. మెట్ల దారి వైపు మళ్లీ ఒకసారి చూశాడు.

మధుసూదన్‌రావు సుల్తానాబాద్ దిక్కు దొరల ఇంటి మనిషి. పొలాలమ్మి గ్రానైటు క్వారీల్లో దిగినా పిలుపు ఇంకా దొర అనే. ఆయన పెద్దలెవరూ ఈ ఖిల్లాలో ఒక పూట కూడా ఉండలేదు. కానీ గుంత పక్కన బోర్డు నిలబడ్డ కొన్నాళ్లకు ఆయనకు ఉన్నట్టుండి జ్ఞాపకం వచ్చింది, ఆ దొరసాని తన ముత్తవ్వేనని. ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు ఈల మెళ్లో వేసుకుని తాడు కడుతున్నాడు.

షూటింగు దిగింది. పెళ్లికొడుకు తారక్ రాజు వేషంలో ఉన్నాడు, ఉక్కపోతకు మీసం రంగు చెమటలో కారుతోంది. పెళ్లికూతురు శ్రేయ ఒంటి మీద అద్దె నగలు, చేతిలో ఇత్తడి పెట్టె. గుంత గట్టు మీద కూర్చుని పెట్టెను లోపలికి దించాలి, శత్రువులు వస్తున్నట్టు వెనక్కి తిరిగి చూడాలి. వెనక్కి తిరిగితే కనిపించేది పిల్లల ఉయ్యాల, ఐస్‌క్రీం బండి. ఫోటోగ్రాఫరు పొగ పెట్టించాడు, గులాబీ రేకులు చల్లించాడు, పైన డ్రోను ఎగరేశాడు. "భయం కావాలి మేడం, భయం" అని అరుస్తూనే ఉన్నాడు. పొగకు ఆ పిల్లకు నిజంగానే కళ్లు మండి ఏడుపొచ్చింది. అద్భుతం అన్నారు అందరూ. రావుగారు కుర్చీలో కూర్చుని, మా ముత్తవ్వ అచ్చం ఇట్లనే ఉండెనంటూ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ముత్తవ్వను ఆయన ఏ కలలో చూశాడో.

రెండో జత బట్టలు మార్చుకోవడానికి అందరూ కిందికి, కార్ల దగ్గరికి పోయారు. పొగ పలచబడింది. అప్పుడు కనిపించాడు అంబదాసు, మెట్ల మలుపు దగ్గర. నాలుగు మెట్లు ఎక్కడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. తెల్ల పైజామా, మోకాళ్ల దాకా చొక్కా. చేతిలో టికెట్టు నలగకుండా పట్టుకున్నాడు.

"గింత ఆలస్యమా అన్నా? పొద్దుగాల రమ్మంటి గద!"

"ఊపిరాడలే తమ్మీ. కింద జరసేపు కూసున్న."

"టికెట్ ఎందుకు కొన్నవు? నా పేరు చెప్తే లోపటికి తోలెటోళ్లు."

"అందరు లైన్ల నిలవడ్డరు, నేనూ నిలవడ్డ. మన ఇంటికి మనం టికెట్ కొనుక్కొని వచ్చుడు, మస్తుగనే ఉన్నది గిది."

"ఇప్పుడు కాదన్నా. దొర మనుషులున్నరు. మాపు రా."

"మాపటికి బస్సు గద."

దశరథం నాలుగు దిక్కులా చూశాడు. ఎవరూ లేరు. గైడు పోస్టు గుర్తొచ్చింది, అన్న దగ్గు వినిపించింది. తాడు పైకెత్తాడు.

"జల్ది. రెండు నిమిషాలు, అంతే."

అంబదాసు బోర్డు దగ్గర చెప్పులు విడిచాడు. మగ్గం దగ్గరికి చెప్పులతో పోయే సాలె మనిషి ఉండడు. వంగి, గుంత గట్టును వేళ్లతో తాకి కళ్లకు అద్దుకున్నాడు. గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి దించాడు. ఒక్క క్షణం అలాగే ఉన్నాడు. తర్వాత కుడి పాదం కిందికి ఒత్తింది, ఎడమది లేచింది. ఎడమది ఒత్తింది, కుడిది లేచింది. లేని తొక్కుళ్లు తొక్కుతున్నాడు. కుడిచెయ్యి కనబడని మగ్గంతాడు లాగింది, ఎడమచెయ్యి కనబడని మగ్గం పలకను ముందుకు గుంజింది. దగ్గు ఆగిపోయింది. వంగిన వీపు, పక్కకు వాలిన తల, పెదవుల మధ్య నాలుక కొస. బాపు! ఇన్నేళ్లుగా ఈ గుంత చుట్టూ ఎంత మంది మూగినా ఇందులో కూర్చోవడం తెలిసిన మనిషి ఇప్పుడే వచ్చాడనిపించింది దశరథానికి. కళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా నిలబడి చూశాడు.

"గీ మూల రాయి నేను వెట్టిందే" అన్నాడు అంబదాసు, రాయిని నిమురుతూ. "వంకరగ వెట్టినవని బాపు వీపుల గుద్దిండు. సూడు, ఇప్పటికి వంకరనే ఉన్నది."

"అవునన్నా" అన్నాడు దశరథం.

"ఎవడ్రా వాడు?"

రావుగారి గొంతు. వెనకాల తారక్, కొత్త లంగా కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్న శ్రేయ, గొడుగు పట్టినవాడు, కెమెరాలవాళ్లు, అందరికంటే వెనక మమతారాణి.

"మా ముత్తవ్వ గుంతల కాళ్లు వెట్టుకోని కూసున్నడేంది? ఎవడ్రా, దశరథం?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. మా అన్న, అంటే అయిపోతుంది. ఆ మాట అతని నాలుక మీదికి వచ్చింది కూడా. దాని వెనకే ఎవరన్న, ఏ ఊరు, ఈ గుంతతో మీకేం పని అన్న ప్రశ్నలూ వచ్చాయి, బోర్డూ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. దశరథం ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా ఊదాడు. గుట్ట మీది పావురాలు ఎగిరిపోయాయి.

"ఎవడో పిచ్చోడు దొరా!" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు. చెరువు దగ్గర పడవలవాడు కూడా తల తిప్పి చూశాడు. "మతి లేనోడు. కన్నుగప్పి దిగిండు. ఏయ్! లే! లే పైకి!"

అన్నను ఏయ్ అన్న నోరు అది. ఆ నోట్లో పురుగులు పడవా అని చదివేవాళ్లకు అనిపిస్తే తప్పు లేదు. అంబదాసు పాదాలు తొక్కడం ఆపాయి. తల ఎత్తి తమ్ముణ్ని చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. చిన్నప్పుడు రాయి మోస్తూ, వెనక పైలం పైలం అని అరిచే తమ్ముణ్ని తిరిగి చూసిన చూపే అది. తర్వాత రావుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పయింది సారూ. తెల్వక దిగిన."

గట్టు పట్టుకుని లేవబోయి ఒకసారి జారాడు. ఎవరూ చెయ్యి అందించలేదు. దశరథం చెయ్యి కొంచెం కదిలింది, మమతారాణి వైపు చూసి ఆగింది. బోర్డు వైపంతా వాళ్లే నిలబడి ఉన్నారు గనక అంబదాసు అవతలి గట్టు నుంచి పైకెక్కాడు. సీతాఫలం చెట్ల మధ్య వెనకదారి పట్టి దిగిపోయాడు. కాసేపు దగ్గు వినిపించింది. తర్వాత అదీ లేదు.

"పాపం, భయపడ్డట్టున్నడు" అంది శ్రేయ. అక్కడున్న వాళ్లందరిలో ఆ ఒక్క మాటా ఆ పిల్లకే తోచింది.

"గిట్లాంటోళ్లకు టికెట్ ఎవరిస్తరు?" అన్నాడు రావుగారు. ఫోటోగ్రాఫరు నేల చూసి, ఫ్రేములోకి వస్తున్నాయని అంబదాసు చెప్పులను కాలితో బోర్డు కిందికి నెట్టాడు. మళ్లీ పొగ పెట్టారు.

అన్నీ సర్దుకుని పోయేటప్పుడు రావుగారు దశరథం భుజం తట్టాడు. "మంచి కావలోడివి రా" అన్నాడు. మమతారాణి నవ్వు ముఖంతో, నీ పని అయినట్టే అని సైగ చేసింది. దశరథం చేతులు కట్టుకుని వంగాడు. వాళ్లు మలుపు తిరిగాక తుపుక్కున ఉమ్మాడు. దొర మీదా, తన మీదా? అతనికే తెలియదు. గులాబీ రేకులు ఊడ్చాడు. టిఫిను డబ్బా తెరిచి, మూత మళ్లీ పెట్టేశాడు. చెప్పులు చూశాడు, తీసుకుని కిందికి పరుగెత్తాలనుకున్నాడు. తాడు దగ్గర జనం పోగవుతున్నారు, వదిలి పోతే మేడం ఏమంటుందో. ఇంటికి పోయాక ఇద్దామనుకున్నాడు. ఇంటికి పోయేసరికి అన్న ఉండడని అతనికి తెలుసు. అయినా అలాగే అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా దేవవ్వ ఫోను చేసింది.

"బావ పోయిండు. బస్సెక్కిచ్చి వచ్చిన" అంది. "చెప్పుల్లేకుంట వచ్చిండేంది? ఏడ వోయినయి అంటె మాట్లాడలే. మీ తమ్ముని పాత చెప్పులన్న ఏసుకో బావా అంటె వద్దన్నడు. ఉత్తకాళ్లతోనే ఎక్కిండు."

"ఏమన్న చెప్పిండా?"

"గుంతల కూసున్న, నిమ్మలమైంది అన్నడు. మళ్ల ఎప్పుడస్తవు బావా అంటె నవ్విండు. ఏమైందయ్యా ఆడ?"

"ఏం కాలే" అన్నాడు దశరథం. ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గర నుంచి తియ్యలేదు.

ఎవరో పిలుస్తున్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు. ముందున్న ఆమె బోర్డు చదివి, దాని కింద ఉన్న చెప్పుల జత చూసి ఆగిపోయింది.

"గీడ చెప్పులు ఇడవాల్నా?" అని అడిగింది.

దశరథం ఆమెను చూశాడు. పొద్దుట అయితే మనసులో పది తిట్లు తిట్టేవాడు. ఒక్క తిట్టూ రాలేదు.

"ఆ. ఇడవాలె" అన్నాడు. ఆ గుంత దగ్గర ఇన్నేళ్లలో అతను చెప్పిన మొదటి నిజం అది.

ఆమె విడిచింది. వెనకవాళ్లూ విడిచారు. వాళ్లను చూసి తర్వాత వచ్చినవాళ్లు ఎందుకని కూడా అడగకుండా విడిచారు, ఉత్త గొర్రెల మంద. గేటు మూసే వేళకు ఎవరివి వాళ్లు తొడుక్కుని పోయారు. బోర్డు కింద ఒక్క జత మిగిలింది: మడమ దగ్గర అరిగి నేలకు దిగిన పాత రబ్బరు చెప్పులు, తెగిన ఎడమకాలి పట్టీకి తెల్ల నూలుపోగుతో గట్టిగా వేసిన సాలె ముడి.